"అందరూ ఉచితంగా వాడుకోవచ్చు" అని రాశాక మళ్లీ లైసెన్స్ ఎందుకు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ నాన్నగారు ఊరూరా తిరిగి విన్న జానపద కథల్ని తన మాటల్లో రాసి పెట్టారు, ఆయన 2016లో పోయారు. ఆ కథలనీ, మీరూ మీ తమ్ముడూ తీసిన పాతబస్తీ ఫోటోలనీ కలిపి ఒక వెబ్‌సైట్‌లో పెట్టి ప్రతి పేజీ అడుగున "ఇవి అందరూ ఉచితంగా వాడుకోవచ్చు" అని రాశారు. ఇప్పుడు ఒక టీచరుగారు "ఏ లైసెన్స్ కింద ఇస్తున్నారో స్పష్టంగా రాస్తే మా బడి పిల్లల పుస్తకంలో వేసుకుంటాం" అని మెయిల్ పెట్టారు. ఇంత చెప్పాక ఇంకా లైసెన్స్ ఏమిటి, ఇదంతా అవసరమా అని మీ ప్రశ్న.

అవసరమేనండి. లైసెన్స్ అంటే మీ రచనని ఎవరు ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పే అనుమతి. ఆ టీచరుగారు మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి అడగలేదు. మీ నాన్నగారి రచనని గౌరవించి, తప్పు జరగకుండా వాడుకుందామనుకునే మనిషి కాబట్టే అడిగారు. నేను హైదరాబాద్‌లో ఉంటూ చాలాకాలంగా వికీసోర్స్ (వికీపీడియావాళ్ల పుస్తకాల సైటు), వికీమీడియా కామన్స్ (వాళ్ల ఫోటోల, ఫైళ్ల భండారం) పనుల్లో తిరుగుతున్నాను. రచయితల దగ్గర, వాళ్ల పిల్లల దగ్గర అనుమతులు తీసుకోవడం నాకు అలవాటైన పని. అందులో ఎప్పుడూ చూసేది ఒకటే, లైసెన్స్ అస్పష్టంగా ఉంటే కాపీ కొట్టేవాడికి ఏ నష్టమూ లేదు, వాడు ఎలాగూ కాపీ కొడతాడు, పేరు కూడా తీసేస్తాడు. వెనక్కి తగ్గేది మాత్రం నిజాయితీగా పేరు వేసి, నాలుగు కాలాలపాటు నిలిచేలా వాడదామనుకున్నవాళ్లు. అంటే మీరు ఎవరి కోసమైతే ఉచితంగా పెట్టారో సరిగ్గా వాళ్లకే అది అందకుండా పోతుంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన కాగితం మీదకి రాగానే కాపీరైట్ వచ్చేస్తుంది. రిజిస్టర్ చేయించక్కర్లేదు, సున్నాలో సి గుర్తు పెట్టక్కర్లేదు. అది రచయిత జీవితకాలం, ఆ తర్వాత ఆయన పోయిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1953లో పోయారు, కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2014 జనవరి 1 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. అదే లెక్కన మీ నాన్నగారి కథల మీద హక్కు 2076 డిసెంబర్ ఆఖరు దాకా ఉంటుంది. అప్పటికి మీ వెబ్‌సైట్ ఉంటుందో లేదో తెలీదు. అనుమతి అడగడానికి మీ ఇంట్లో ఎవరిని వెతకాలో కూడా ఎవరికీ తెలీదు. పాత తెలుగు పుస్తకాల్లో సగం గొడవ ఇదే, పుస్తకం చేతిలో ఉంటుంది, రచయిత వారసులు ఎక్కడున్నారో తెలీదు, స్కాన్ చేసి కూడా పైకి పెట్టలేక పక్కన పడేయాల్సి వస్తుంది.

ఇక మీరు రాసిన వాక్యం దగ్గరికి వద్దాం. లైసెన్స్ అనేది రాతపూర్వకంగా ఉండాలని చట్టంలో 30వ సెక్షన్ చెబుతుంది. 2012 సవరణకి ముందు సంతకం కూడా ఉండాలని ఉండేది, ఇప్పుడు రాత చాలు. కాబట్టి మీ వాక్యం వృథా అని నేను అనను. చాలామంది చూడని మెలిక ఒకటుంది. 30ఏ సెక్షన్ వల్ల, 19వ సెక్షన్‌లో హక్కుల బదలాయింపుకి పెట్టిన నియమాలు అవసరమైన మార్పులతో లైసెన్సులకీ వర్తిస్తాయి. ఆ నియమాల ప్రకారం ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లు అనుకోవాలి, ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. మీ వాక్యంలో కాలమూ లేదు, ప్రాంతమూ లేదు. మీరు ప్రపంచానికంతా ఎప్పటికీ ఇచ్చేశామనుకున్నారు, చట్టం చదివే మనిషి మాత్రం ఐదేళ్లు, ఇండియా వరకే అని చదువుకోవచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆదివారాలు తెలుగు బడి నడిపేవాళ్లు మీ కథ వాడితే వాళ్ల దగ్గర ఏ అనుమతి ఉన్నట్టు? క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ ఎవరైనా వాడుకునేలా ముందే రాసిపెట్టిన లైసెన్సులున్నాయి, వాటి పాఠం తీసి చూడండి, ప్రపంచవ్యాప్తంగా, రుసుము లేకుండా, కాపీరైట్ ఉన్నంతకాలం, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా అని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. మీరు లైసెన్స్ పేరు ఒక్కటి రాస్తే ఆ పాఠమంతా మీ తరఫున నిలబడుతుంది.

చట్టం పక్కన పెట్టి మామూలుగా ఆలోచించినా ఆ వాక్యం చాలా ప్రశ్నల్ని వదిలేస్తుంది. ఎండాకాలం చలివేంద్రం దగ్గర ఆగి గ్లాసుడు నీళ్లు తాగడానికి ఎవరూ అడగరు, బిందె తెచ్చి నింపుకోవాలంటే మాత్రం అక్కడున్న మనిషి వైపు చూస్తారు కదా. మీ సైటులో కథ చదువుకోవడానికి ఎవరికీ సందేహం రాదు. వంద కాపీలు జిరాక్స్ తీయించి పంచొచ్చా? అచ్చు ఖర్చు రాబట్టుకోవడానికి ఇరవై రూపాయలకి అమ్మొచ్చా? చిన్నపిల్లలకి అర్థమయ్యేలా భాష మార్చొచ్చా? ఉర్దూలోకి అనువదించొచ్చా? చదివి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడితే, దాని మీద ప్రకటనలు వస్తే? నాన్నగారి పేరు ఎక్కడ వేయాలి? వీటిలో ఒక్కదానికీ మీ వాక్యంలో జవాబు లేదు. ఒక్కొక్కరూ మీకు మెయిల్ రాయాలి, మీరు జవాబివ్వాలి. ఓపికున్నవాళ్లు రాస్తారు, మిగతావాళ్లు లైసెన్స్ స్పష్టంగా ఉన్న ఇంకో కథ వెతుక్కుంటారు.

స్పష్టంగా రాస్తే ఏమవుతుందో చూడాలంటే ప్రథమ్ బుక్స్‌వాళ్ల పిల్లల కథల సైటు స్టోరీవీవర్ చూడండి. 2015లో మొదలైంది, తెలుగు కథలు కూడా ఉన్నాయి. అక్కడ కథ అయిపోగానే ఆఖరి పేజీల్లో కథ ఎవరిది, అనువాదం ఎవరిది, ఏ పేజీలో బొమ్మ ఎవరు వేశారు, ఏది ఏ లైసెన్స్ కింద ఉంది అని విడివిడిగా ఉంటుంది. అందువల్లే ఒక భాషలో పుట్టిన కథని ఇంకో భాషవాళ్లు ఎవరినీ అడగకుండా, భయం లేకుండా తమ భాషలోకి తెచ్చుకుంటున్నారు. ఇంకో ఉదాహరణ మన కళ్లముందే ఉంది. రామభద్ర, మండలి, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు సిలికానాంధ్ర చొరవతో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చాయి, ఫాంట్ దించుకుంటే దానితోపాటు లైసెన్స్ ఫైలు కూడా వస్తుంది. ఫ్లెక్సీ షాపు దగ్గర్నుంచి పుస్తకాలు వేసేవాళ్ల దాకా ఎవరైనా టెన్షన్ లేకుండా వాడుకోగలగడానికి కారణం అదే. అంతకంటే అందమైన ఫాంట్లు కొన్ని ఏ వివరమూ లేకుండా "ఫ్రీ" అని తిరుగుతుంటాయి, పద్ధతిగా పనిచేసే ప్రచురణకర్త ఎవరూ వాటిని ముట్టుకోరు.

సరే, ఏ లైసెన్స్? క్రియేటివ్ కామన్స్‌లో ఆరు లైసెన్సులున్నాయి. పేరు వేస్తే చాలు, ఏమైనా చేసుకోండి అనేది సీసీ బై (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్). పేరు వేయాలి, మార్చి పంచితే ఆ మార్చినదాన్నీ ఇదే షరతు మీద పంచాలి అనేది సీసీ బై ఎస్ఏ. మిగతా నాలుగూ వీటికి "వ్యాపారానికి వద్దు" అనే ఎన్‌సీనో, "మార్పులు చేసి పంచొద్దు" అనే ఎన్‌డీనో, రెండూనో చేర్చినవి. అసలు హక్కులేమీ వద్దు అనుకునేవాళ్లకి సీసీ జీరో అని విడిగా ఉంది. మీ విషయంలో నాన్నగారి పేరు నిలవాలి కాబట్టి అది మీకు వద్దు.

ఎన్‌సీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దాదాపు అందరూ మొదట దాని వైపే మొగ్గుతారు. "మా నాన్న కష్టం మీద ఎవడో డబ్బు చేసుకోకూడదు" అనే బాధ నాకు అర్థమవుతుంది, అది న్యాయమైనదే. కానీ ఎన్‌సీ పెడితే ఎవరు ఆగిపోతారో చూడండి. వికీపీడియాలోకి, కామన్స్‌లోకి మీ ఫోటోలు రావు, అక్కడ ఎన్‌సీనీ ఎన్‌డీనీ ఒప్పుకోరు. ఖర్చుల కోసం బ్లాగులో రెండు ప్రకటనలు పెట్టుకున్న మనిషి వాడాలా వద్దా అని తికమక పడతాడు. జానపదం మీద పుస్తకం వేసి బుక్ ఫెయిర్‌లో వంద రూపాయలకి అమ్మే చిన్న ప్రచురణకర్త మానేస్తాడు, అతనికి మిగిలేదేమీ లేకపోయినా సరే. ఆ గీత ఎక్కడుందో కోర్టుల్లో తేల్చుకోవాల్సి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో ఒక సంస్థ తన లెక్కల పాఠాల్ని ఎన్‌సీ లైసెన్స్ కింద ఇచ్చింది, బడులు వాటిని డబ్బులిచ్చి జిరాక్స్ షాపులో తీయించుకుంటే ఆ షాపు చేసింది వ్యాపారమే కదా అని దావా వేసింది. 2018లో అప్పీల్ కోర్టు కాదంది, బడి వాడకం వ్యాపారం కానప్పుడు బడి చెప్పినట్టు కాపీలు తీసిచ్చిన షాపు కూడా లైసెన్స్ దాటినట్టు కాదని చెప్పింది. తీర్పు మంచిదే, కానీ ఒక జిరాక్స్ కోసం అంతదూరం వెళ్లాల్సి వచ్చిందంటే ఆ షరతు ఎంత గందరగోళమో ఆలోచించండి.

నా సలహా, కథలకి సీసీ బై ఎస్ఏ 4.0, ఫోటోలకి కూడా అదే, లేదా మీకు అభ్యంతరం లేకపోతే సీసీ బై 4.0. బై ఎస్ఏలో ఎవరైనా పుస్తకం అమ్ముకోవచ్చు కానీ పేరు వేయాలి, మీ కథని మార్చి రాసి పంచితే అదీ ఇదే షరతు మీద అందరికీ ఇవ్వాలి. మీ బాధకి సరైన మందు అదే. కథని వికృతంగా మార్చి నాన్నగారి పేరుతో తిప్పుతారేమో అని భయముంటే, మన చట్టంలో 57వ సెక్షన్ రచయితకి ఇచ్చిన నైతిక హక్కులు విడిగా ఉన్నాయి, ఆయన గౌరవానికి భంగం కలిగేలా రచనని వక్రీకరిస్తే మీరు అడ్డుకోవచ్చు. మార్చినవాళ్లు మార్చామని చెప్పాలని లైసెన్స్‌లోనే ఉంది. 4.0 అనే అంకె తప్పకుండా రాయండి, 3.0కీ 4.0కీ షరతుల్లో తేడాలున్నాయి. ఉదాహరణకి 4.0లో ఎవరైనా పేరు వేయడం మర్చిపోతే, తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే వాళ్ల అనుమతి తిరిగి నిలుస్తుంది. వికీపీడియా కూడా 2009లో జీఎఫ్‌డీఎల్ అనే పాత లైసెన్స్ నుంచి సీసీ బై ఎస్ఏ 3.0కి, 2023లో 4.0కి మారింది. అంత పెద్ద మార్పు చేయగలిగారంటే ఏ పేజీ ఏ లైసెన్స్ కింద ఉందో మొదటి నుంచీ స్పష్టంగా ఉండబట్టే.

ఒక్కసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, ఇది మాత్రం ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకోండి. రేపు మనసు మారి సైటులోంచి తీసేయొచ్చు, కానీ అప్పటికే తీసుకున్నవాళ్ల అనుమతి పోదు.

అసలు ఇచ్చే హక్కు మీకుందా అనేది లైసెన్స్ ఎంచుకోవడం కన్నా ముందు తేల్చుకోవాలి, చాలామంది ఇక్కడే తడబడతారు. నాన్నగారు పోయాక ఆ హక్కు వారసులందరిదీ. అమ్మగారు, మీరు, తమ్ముడు, ఇంకా ఎవరైనా ఉంటే వాళ్లు, అందరూ ఒప్పుకున్నట్టు ఒక కాగితం మీద సంతకాలు చేసి స్కాన్ తీసి పెట్టుకోండి. ఆ కథల్లో కొన్ని ఏదైనా పుస్తకంగా వచ్చి ఉంటే ప్రచురణకర్తతో రాసుకున్న ఒప్పందం వెతికి చూడండి, హక్కులు పూర్తిగా రాసిచ్చేశారేమో. ఆయన ఉద్యోగంలో భాగంగా రాసినవి ఉంటే వాటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, ఆ ఉద్యోగం ఇచ్చినవాళ్లది. పుస్తకంలో బొమ్మలు వేసిన ఆర్టిస్టు వేరే మనిషైతే ఆ బొమ్మలు మీవి కావు. జానపద కథ ఎవరి సొత్తూ కాదు గానీ నాన్నగారు దాన్ని చెప్పిన తీరు, ఆయన వాక్యాలు ఆయనవి, మీరు లైసెన్స్ ఇస్తున్నది వాటికే.

ఫోటోల్లో చార్మినార్, మక్కా మసీదు, దేవిడీలు ఉన్నాయన్నారు, వాటితో ఇబ్బంది లేదు. కట్టడాల ఫోటోలకి 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, చార్మినార్ లాంటి 1591 నాటి కట్టడానికైతే ఆ మినహాయింపు అవసరం కూడా లేదు. కానీ మక్తా వైపు గోడల మీద వేసిన పెద్ద పెద్ద రంగుల బొమ్మల ఫోటోలు కూడా పెట్టారు, నేను చూశాను, చాలా బాగున్నాయి. బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలకి మినహాయింపు ఉంది గానీ గోడ మీద వేసిన చిత్రాలకి అది వర్తించదు, ఆ చిత్రకారుల హక్కు అలాగే ఉంటుంది. బొమ్మే ముఖ్యంగా కనిపించే ఆ ఫోటోల్ని ఈ లైసెన్స్ నుంచి మినహాయించండి, మినహాయించామని ఆ ఫోటో కిందే రాయండి.

ఇక రాసే పద్ధతి. ఇలా ఉంటే చాలు: "ఈ సైటులోని కథల రచన, ఫలానావారు. వేరుగా చెప్పిన చోట తప్ప ఈ కథలు, ఫోటోలు క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ షేర్‌అలైక్ 4.0 ఇంటర్నేషనల్ లైసెన్స్ కింద లభిస్తాయి. వాడుకున్నప్పుడు రచయిత పేరు, ఈ సైటు లింకు, లైసెన్స్ పేరు ఇవ్వండి." లైసెన్స్ పేరు మీద క్రియేటివ్ కామన్స్ సైటులోని ఆ లైసెన్స్ పేజీకి లింకు పెట్టండి. వాళ్ల సైటులోనే లైసెన్స్ ఎంచుకునే పేజీ ఉంది, అక్కడ వచ్చే కోడ్ అతికిస్తే మనుషులకే కాదు, సెర్చ్ ఇంజిన్‌కి కూడా అర్థమవుతుంది. ఉత్త "సీసీ" అని రాయొద్దు, ఆరింటిలో ఏదో ఎవరికీ తెలీదు.

మీ సైటు అడుగున ఇంకొకటి గమనించాను. సైటు రెడీమేడ్ డిజైన్‌తో (థీమ్‌తో) వచ్చిన "ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్", అంటే హక్కులన్నీ మావే, అనే ముక్క అలాగే ఉండిపోయింది, దాని పైనే మీ ఉచితం వాక్యం ఉంది. ఒకే పేజీలో రెండు ఎదురెదురు మాటలుంటే జాగ్రత్తపరుడు కఠినమైనదాన్నే నమ్ముతాడు. అది ఇవాళే తీసేయండి. అలాగే "సీసీ బై, కానీ వాడేముందు మాకు ఫోన్ చేయాలి" లాంటి సొంత షరతులు కలపొద్దు, లైసెన్స్‌కి షరతు తగిలిస్తే అది ఆ లైసెన్స్ కాకుండా పోతుంది. "వాడితే ఒక మాట చెబితే సంతోషిస్తాం" అని వినతిగా రాసుకోండి, చాలామంది చెబుతారు కూడా.

అన్నిటికన్నా ముఖ్యం, లైసెన్స్ సైటు అడుగున మాత్రమే ఉంటే లాభం లేదు. మన దగ్గర కథ సైటులో ఉండదు, పీడీఎఫ్‌గా మారి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, ఆ పీడీఎఫ్‌లోంచి రెండు పేజీలు జిరాక్స్ అయి కోఠిలోనో చిక్కడపల్లిలోనో ఎవరి బ్యాగులోనో ఉంటుంది. అప్పుడు సైటు అడుగున మీరు రాసిన మాట ఎక్కడుంది? కాబట్టి పీడీఎఫ్ లోపలి మొదటి పేజీలో రాయండి, వీలైతే ప్రతి కథ చివర చిన్న అక్షరాలతో ఒక వరుస వేయండి. ఫోటో ఫైలు లోపల వివరాలు రాసే చోటు ఉంటుంది, అందులో పేరు, లైసెన్స్ నింపండి, వాట్సాప్‌లో పంపితే అవి చెరిగిపోతాయి కాబట్టి అసలు ఫైళ్లు కామన్స్‌లో కూడా పెట్టండి. ఆడియో చేస్తే మొదటి అరనిమిషంలో నోటితోనే చెప్పండి. యూట్యూబ్‌లో ఏమీ మార్చకపోతే వాళ్ల సొంత లైసెన్సే పడుతుంది, క్రియేటివ్ కామన్స్ కావాలంటే మీరే ఎంచుకోవాలి. అక్కడున్నది సీసీ బై ఒక్కటే, కాబట్టి బై ఎస్ఏ ఇవ్వాలనుకుంటే వివరణలో రాయండి.

కామన్స్‌లో పెట్టేటప్పుడు, ముందే మీ సైటులో వచ్చిన ఫోటోలు కాబట్టి, సైటులో లైసెన్స్ స్పష్టంగా లేకపోతే తీసేసే అవకాశం ఉంది. ముందు సైటు సరిచేసి తర్వాత ఎక్కించండి. నాన్నగారి కథలకైతే వారసుల అంగీకారాన్ని అక్కడి అనుమతుల బృందానికి మెయిల్‌లో పంపాలి. ఆ మెయిల్ నమూనా వాళ్ల దగ్గరే దొరుకుతుంది, తెలుగులో రాయడానికి కావాలంటే నేను సాయం చేస్తాను.

సైటు కోడ్ మీ తమ్ముడు రాశానన్నాడు, దాన్ని కూడా పంచాలనుకుంటే క్రియేటివ్ కామన్స్ కాకుండా సాఫ్ట్‌వేర్ కోసమే ఉన్న ఎంఐటీ గానీ జీపీఎల్ గానీ లైసెన్స్ పెట్టమనండి, సాఫ్ట్‌వేర్‌కి సీసీ లైసెన్సులు వాడొద్దని వాళ్లే చెబుతారు.

చివర్లో మీరు అడిగిన క్యాసెట్ల సంగతి. నాన్నగారు పల్లెల్లో ముసలివాళ్ల చేత పాడించి రికార్డు చేసినవి వీటితో కలపొద్దు. పాడినవాళ్లకి ప్రదర్శకుల హక్కు విడిగా ఉంటుంది, అది పాడిన మరుసటి సంవత్సరం నుంచి 50 ఏళ్లు. క్యాసెట్ల మీద ఊరు, పేరు, సంవత్సరం రాసి ఉంటే ముందు అవి ఒక పట్టికగా వేసుకోండి. ఆ పాడినవాళ్ల కుటుంబాలు దొరికితే వెళ్లి ఆ పాట వినిపించి, అనుమతి కాగితం మీద తీసుకోండి. దొరకనివి ప్రస్తుతానికి డిజిటల్ చేసి ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, ఏది ఎలా ఇవ్వొచ్చో ఒక్కొక్కటే చూద్దాం.